వేరేవాళ్ళ చదివింపులు

స్కానర్ పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నా తరఫున సర్దిచెప్పక్కర్లేదు. బాబాయి వద్దన్నాడు. పిన్ని "ఏమోనమ్మా, నాకు తెలీదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనే పట్టుబట్టి, గొంతు పెంచి, ఒకపూట అన్నం మానేసి మరీ పెట్టించాను. ఆ నల్లగళ్ళ బొమ్మ వల్ల, యాభై ఎనిమిదేళ్ళలో పోలీస్ స్టేషన్ మెట్టెక్కని మా బాబాయి, ఆక్సిజన్ పేరు చెప్పి జనాన్ని ముంచిన దొంగల్లో ఒకడిగా పేరు రాయించుకునేదాకా వచ్చాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. హైదరాబాద్‌లో మా ఇంట్లో అమ్మకీ నాన్నకీ వచ్చి తగ్గింది. ఇద్దరికీ మెట్లెక్కే ఓపిక కూడా లేదు. తెనాలి పక్కన అంగలకుదురులో బాబాయి కూతురి పెళ్ళి. మా తరఫున నన్నొక్కదాన్నే పంపారు. లాప్‌టాప్, రెండు ఛార్జర్లు, ఫోను, నా కోపం, ఇవి తీసుకుని దిగాను. నాకు పల్లెటూరు కొత్త. పుట్టింది, పెరిగింది అంతా సిటీలోనే. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఫోను చూస్తానని పిన్ని మొదటిరోజే కనిపెట్టింది. "దేవుడి పటం అనుకుంటుందేమో పిల్ల" అని పెళ్ళికూతురితో, మా చెల్లితో, అంటుంటే విన్నాను.

పెళ్ళికొడుకుది బాపట్ల. మనుషుల్ని ఎక్కువ పిలవకూడదు, పర్మిషన్ తీసుకోవాలి, మాస్కులు పెట్టుకోవాలి. ఇవన్నీ బాబాయి ఒప్పుకున్నాడు. ఆయన్ని తినేస్తున్నది ఒక్కటే, చదివింపుల సంగతి.

మా వైపు పెళ్ళిలో భోజనం చేసి చెయ్యి కడుక్కున్న మనిషి తిన్నగా వెళ్ళేది చదివింపుల బల్ల దగ్గరికి. అక్కడ ఒకాయన నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంటాడు. పేరు, ఊరు, ఎంత ఇచ్చిందీ రాసుకుంటాడు. పక్కన ఇంకొకాయన దాన్ని మైకులో చదువుతాడు. ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. ఎప్పుడో వాళ్ళింట్లో శుభకార్యం వస్తే పుస్తకం తీసి, పేరు వెతికి, అంతకు తగ్గకుండా వెళ్ళి చదివించి రావాలి. మర్చిపోతే ఆ ఇంటి ముందు నుంచి తలెత్తుకుని నడవలేరు. బాబాయి పాతికేళ్ళుగా ఊరూరా తిరిగి చదివించాడు. తన కూతురి పెళ్ళి వచ్చేసరికి రావడానికి ఎవరికీ వీల్లేదు.

"డబ్బు కోసం కాదే. ఎవరు తల్చుకున్నారు, ఎవరు తల్చుకోలేదు, ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు.

"స్కానర్ పెడదాం బాబాయ్. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చదివిస్తారు."

"కార్డు మీద ఆ గళ్ళబొమ్మా? అడుక్కున్నట్టుంటుంది."

"ఏ కాలంలో ఉన్నావు నువ్వు? హైదరాబాద్‌లో కొబ్బరిబోండాల బండికి కూడా ఉంది స్కానర్."

"మనం కొబ్బరిబోండాలు అమ్ముతున్నామా? పిల్ల పెళ్ళి చేస్తున్నాం."

అప్పుడే నేను అన్నం మానేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఒప్పుకున్నాడు. ఆయనది బటన్ ఫోను. దాంట్లోంచి సిమ్ము తీసి నా ఫోనులో రెండో స్లాట్‌లో పెట్టాను. ఆయన బ్యాంకు ఖాతాకి పేమెంట్ యాప్ కలిపాను. ఆయన పేరుతో, కింద ఆయన ఫోను నంబరుతో స్కానర్ వచ్చింది. తెర మీద తన పేరు చూసి బాబాయి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇంటిపేరు కూడా వేశాడే," అన్నాడు.

పెళ్ళిని ఫోన్లలో చూపించడానికి లైవ్ పెట్టే మనిషి నంబరు ఎవరో వాట్సాప్ గ్రూపులో పంపారు. రేపల్లె నుంచి వచ్చానన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు, పైన ప్లాస్టిక్ అద్దం. ఎంత జాగ్రత్తపరుడో అని పిన్ని ముచ్చటపడింది. నన్ను అక్కా అన్నాడు, బాబాయిని బాబాయ్ గారూ అన్నాడు.

"నా బాబాయిని నువ్వు బాబాయ్ అంటావేంటి?" అన్నాను.

"మీకొక్కరికే రాసిచ్చారా అక్కా?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. లైవ్‌లో కింద మూల స్కానర్ కనపడేలా పెడదామన్నది అతనే. "బొమ్మ నాకు పంపెయ్యండి అక్కా, నేను చూసుకుంటా." పంపాను. ఒక్క సెకను పట్టింది.

తాళి కట్టే ముందు నుంచే నా ఫోను టింగు టింగుమంటూ మోగింది. బల్లకి బదులు అరుగు మీద నేనూ, బాబాయీ. మెసేజ్ చూసి నేను పేరు చదువుతాను, ఆయన రాస్తాడు. పేరు పక్కన గారు అని తప్పకుండా రాస్తాడు. ఊరు తెలియకపోతే ఫోను చేయించి మరీ కనుక్కుంటాడు. కాకుమానులో ఉండే ఒకాయన పేరు చదివితే, "వాడు నూటపదహార్లు కూడా చదివించడనుకున్నానే!" అని మురిసిపోయాడు. పెళ్ళిపందిట్లో ఉన్నది నలభై మంది. పుస్తకంలోకి మాత్రం ఊళ్ళకి ఊళ్ళు వచ్చాయి. సాయంత్రం బాబాయి నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వన్నదే రైటే," అన్నాడు. ఆ మాట కోసం నేను ఇంకో పూట కూడా అన్నం మానేసేదాన్ని.

మూడో రోజు మా ఇంట్లో వ్రతం. పీటల మీద కొత్త జంట, పంతులుగారు కథ చదువుతున్నారు. నా ఫోను మోగింది, బాబాయి సిమ్ముకి. తెలియని నంబరు. పెరట్లోకి వెళ్ళి ఎత్తాను.

"అమ్మా, ఆక్సిజన్ బండి బయల్దేరిందా అమ్మా?" పెద్దావిడ గొంతు. రొప్పుతోంది.

ఆ రోజుల్లో ఆక్సిజన్ నంబర్లంటూ నోటికొచ్చినవన్నీ గ్రూపుల్లో తిరిగేవి. నాకే అలాంటి రాంగ్ కాల్స్ రెండొచ్చాయి అప్పటికి. లోపల హారతి ఇస్తున్నారు, నన్ను రమ్మని పిన్ని పేరు పెట్టి పిలుస్తోంది.

"ఏ నంబరుకి చేశారండి? ఇది పెళ్ళిల్లు! శుభమా అని వ్రతం చేసుకుంటుంటే ఆక్సిజన్ ఏంటండీ, బుద్ధుండక్కర్లా?"

"డబ్బులు పంపించామమ్మా, ఇదే నంబ..."

పెట్టేశాను. మళ్ళీ మోగింది. కట్ చేసి ఆ నంబరు బ్లాక్ చేసి, లోపలికెళ్ళి హారతి కళ్ళకద్దుకున్నాను.

ఆ రోజు నుంచే వింత మెసేజులు మొదలయ్యాయి. ఎవరూ ఎరగని పేర్లు. చదివింపు అంటే ఐదొందలు, వెయ్యి, దగ్గరవాళ్ళయితే ఐదు వేలు. వీళ్ళు ఒక్కొక్కరు పదిహేను వేలు, ఇరవై రెండు వేలు పంపుతున్నారు. నేను చదువుతుంటే బాబాయి కలం ఆపేశాడు.

"ఈయనెవరే? మనకి ఇంత పెట్టేవాళ్ళెవరున్నారు?"

"మగపెళ్ళివారి వైపేమో."

బాపట్ల వియ్యంకుడుగారికి ఫోను చేశాం. ఆయనా ఎరగనన్నాడు. బాబాయి పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన 'వేరేవాళ్ళవి' అని రాసి, కింద గీత కొట్టాడు. ఆ పేర్లన్నీ అందులోకి వెళ్ళాయి, గారుతో సహా.

మర్నాడు లైవ్ అతను తనే ఫోను చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది. నిన్న రేపల్లెలో ఇంకో పెళ్ళి లైవ్ చేశానక్కా. మీ స్కానర్ పొరపాటున దాంట్లో కూడా పెట్టేశా. వాళ్ళ చదివింపులన్నీ మీకు వచ్చేస్తున్నాయి. వాళ్ళ చుట్టాలు పెద్దవాళ్ళు, రొయ్యల చెరువులున్నాయి. నన్ను చంపేస్తారక్కా."

నేను ఊరుకోలేదు. పని చేతకాకపోతే ఇంట్లో పడుకోమన్నాను. జీతం ఎవడిస్తున్నాడు నీకన్నాను. ఇంకా చాలా అన్నాను. అతను ప్రతిదానికీ "కరెక్టే అక్కా, తప్పే అక్కా" అంటూనే ఉన్నాడు. ఎంత తిట్టినా ఎదురు చెప్పనివాడి మీద నాకు కోపం నిలవదు. కాసేపటికి నేనే ఓదార్చాను.

బాబాయి పరిస్థితి వేరు. ఇంకో ఇంటి చదివింపులు తన ఖాతాలో రాత్రంతా ఉన్నాయని తెలిసి ఆ పూట టిఫిన్ ముట్టలేదు. "వాళ్ళింట్లో ఎంత మధనపడుతున్నారో. మనల్ని దొంగలనుకోరూ?" అన్నాడు. తిరిగి ఆన్‌లైన్‌లో పంపుదామంటే, వాళ్ళది పెద్ద కుటుంబం, ఖాతాల్లో వద్దు, చేతికే ఇమ్మంటున్నారని లైవ్ అతను చెప్పాడు. బాబాయికి అది మర్యాదగా తోచింది. చదివింపు చేతిలో పెట్టేదే కదా.

తెనాలి బ్యాంకులో ఆ డబ్బు నోట్లుగా తీసుకుని, స్కూటర్ మీద ఆయన వెనక కూర్చుని నేనే రేపల్లె వెళ్ళాను. బస్టాండ్ పక్కన మూసిన టిఫిన్ సెంటర్ ముందు నిలబడ్డాడు ఒక పెద్దమనిషి, పెళ్ళికొడుకు మేనమామనన్నాడు. తెల్లచొక్కా, మాస్కు. బాబాయి రెండు చేతులా కవరు అందించి, నోటుపుస్తకం తెరిచాడు.

"పేర్లు కూడా రాసి ఉంచానండి. ఎవరెంతో చూసుకుని రాసుకోండి. ఊళ్ళు తెలియలేదు, మీకు తెలిసే ఉంటాయిగా."

"అక్కర్లేదులెండి," అన్నాడాయన.

"అదేంటండి? రేపు వాళ్ళకి మళ్ళీ పెట్టాలి కదా?"

"ఆ, పెట్టొచ్చులెండి. మీరు మంచివారు. ఇదిగో, పెట్రోలుకి ఉంచండి." కవర్లోంచి రెండువేల నోటు తీశాడు. బాబాయి వెనక్కి ఒక అడుగు వేశాడు. "అయ్యో, అది మీ పెళ్ళి డబ్బండీ!" అన్నాడు, అంటరానిదేదో చూపించినట్టు.

ఇంటికొచ్చి చెబితే పిన్ని చాటలో బియ్యం ఏరడం ఆపింది. "లిస్టు వద్దన్నాడా? నా జన్మలో చదివింపుల లిస్టు వద్దన్నవాళ్ళని చూళ్ళేదు. డబ్బులైనా వదులుకుంటారు గానీ లిస్టు వదులుకుంటారా ఎవరైనా?"

"డబ్బున్నవాళ్ళు పిన్నీ. పట్టించుకోరు," అన్నాను, ఫోనులోంచి తలెత్తకుండా.

ఇంకా రెండుసార్లు ఇచ్చివచ్చాం. ఆఖరిసారి పెనుమూడి వారధి దగ్గరికి రమ్మన్నారు. నది మీంచి వేడిగాలి కొడుతుంటే నేను ఆ వంతెన ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాను. వెనకాల బాబాయి కవరు ఇస్తూ కనపడతాడు. ఆ ఫొటో స్టేటస్‌గా కూడా పెట్టాను. ఆ స్టేటస్ ఎంతమంది చూశారో కూడా లెక్క చూసుకున్నాను.

రెండు వారాలకి మినుముల డబ్బు తీసుకుందామని బాబాయి తెనాలిలో బ్యాంకుకి వెళ్తే ఇవ్వలేదు. ఖాతా ఆపేశారట. నేను వెంటనే బయల్దేరి వెళ్ళి మేనేజరు అద్దం ముందు నిలబడి అరిచాను. రైతు డబ్బులాపడానికి మీరెవరన్నాను. ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నానన్నాను. ఆయన చాలా నెమ్మదిగా ఒక కాగితం అద్దానికి ఆన్చి పట్టుకున్నాడు.

"మేం ఆపలేదమ్మా. పోలీసులు ఆపించారు. ఆక్సిజన్ మోసం కేసులో ఈ ఖాతా ఉంది. ముందు ఆ ఫోను దించండి, మీ బాబాయిగారిని కూర్చోబెట్టండి."

వెనక్కి చూస్తే బాబాయి అప్పటికే నేల మీద కూర్చుని ఉన్నాడు.

మర్నాడు స్టేషన్‌కి రమ్మని పిలుపు. సైబర్ నేరాలు చూసే ఎస్సై ఒకావిడ, గుంటూరు నుంచి వచ్చారు. బయల్దేరేటప్పుడు పిన్ని బీరువాలోంచి చదివింపుల పుస్తకం తెచ్చి నా సంచిలో పడేసింది. "లిస్టు వద్దన్నవాడి సంగతి తప్పకుండా చెప్పండి," అంది. నేను విసుక్కున్నాను. పోలీసులకి మన పెళ్ళి పుస్తకమెందుకు?

ఎస్సైగారు బాబాయిని కూర్చోమనలేదు. "మీ ఖాతాలోకి పదకొండుమంది డబ్బు వేశారు. మీరు మూడుసార్లు నగదు తీశారు. ఎవరి తరఫున పని చేస్తున్నారు పెద్దాయనా? కమీషన్ ఎంత?"

"పనేంటండి? అవి చదివింపులండి," అన్నాడు బాబాయి.

"చదివింపులా?" ఆవిడ తన ఫోను తీశారు. "బాపట్ల నుంచి ఫిర్యాదు ఇచ్చినవాళ్ళు ఇది కూడా ఇచ్చారు. మీ నంబరుతో మాట్లాడింది. వాళ్ళ ఫోనులో దానంతటదే రికార్డయింది."

మీట నొక్కారు. అమ్మా, ఆక్సిజన్ బండి బయల్దేరిందా అమ్మా. ఆ వెంటనే ఇంకో గొంతు. ఇది పెళ్ళిల్లు! బుద్ధుండక్కర్లా?

మన గొంతు బయటనుంచి వింటే ముందు మనదనిపించదు. ఎవరో పొగరుబోతు అనుకున్నాను. వెనకాల గంట మోగింది, పిన్ని నా పేరు పెట్టి పిలిచింది. అప్పుడు తెలిసింది.

"డబ్బు తీసుకుని, అడిగితే పెళ్ళిల్లని తిట్టి బ్లాక్ చేశారు. ఈవిడెవరు? మీ ముఠాలో మనిషా?" అంటూ ఎస్సైగారు బాబాయినే చూస్తున్నారు. ఆయన నన్ను చూళ్ళేదు. నేల వైపు చూస్తూ, "నాకు తెలీదండి," అన్నాడు. జీవితంలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే అయ్యుంటుంది.

"అది నా గొంతండి," అన్నాను. "సిమ్ము నా ఫోనులో ఉంది. స్కానర్ పెట్టింది నేను. ఆయనకి ఫోను నొక్కడం కూడా రాదు."

"ఫోనివ్వు."

ఇచ్చాను. నా చేతిలోంచి ఫోను ఇంకొకరి చేతిలోకి వెళ్తే నాకు మామూలుగా చెయ్యి తీసేసినట్టుంటుంది. ఆ రోజు చెయ్యుందో లేదో కూడా తెలియలేదు. ఆవిడ పేమెంట్ యాప్ తెరిచి, పాతవాటిలోకి వెళ్ళి, ఫోను నా వైపు తిప్పారు.

"చదువు."

బ్యాంకు మెసేజిలో పేరూ, అంకె మాత్రమే ఉంటాయి. నేను చదివినవి అవే. డబ్బు పంపినవాళ్ళు కింద రాసుకున్న ఒక ముక్క ఆ యాప్‌లో ఉంటుంది. నేను ఒక్కసారి కూడా తెరవలేదు. 'అమ్మకి సిలిండర్'. 'అన్నా తొందరగా పంపండి ప్లీజ్'. 'చిన్న ఆక్సిజన్ మిషన్, బ్యాలెన్స్ డెలివరీకి'. 'సాచురేషన్ 82'. ఒకదానిలో ఏమీ లేదు, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒక్కటే. రోజుకి రెండొందలసార్లు నేను ముట్టుకునే తెర అది. పదకొండుమంది ఊపిరి కోసం బతిమాలుకున్న మాటలు నా బొటనవేలి కింద పడి ఉన్నాయి. నేను అరుగు మీద కూర్చుని వాళ్ళ పేర్లు చదివింపుల్లా గట్టిగా చదివాను.

బాబాయి బల్ల మీదికి వంగి ఆ తెర చూశాడు. "వాళ్ళకి సిలిండర్లు చేరాయాండి?" అని అడిగాడు. ఎస్సైగారు తల అడ్డంగా ఊపారు. అది చాలు.

సంచిలో పుస్తకం గుర్తొచ్చింది నాకు. తీసి బల్ల మీద పెట్టాను. ఎస్సైగారు ముందు అసహనంగా పేజీలు తిప్పారు. 'వేరేవాళ్ళవి' దగ్గర ఆగారు. తన కాగితంలో పేర్లూ, ఈ పేజీలో పేర్లూ పక్కపక్కన పెట్టి వేలితో చూసుకుంటూ కిందదాకా వెళ్ళారు. పదకొండుకి పదకొండు. కింద బాబాయి రాసుకున్న ముక్కలు కూడా ఉన్నాయి: రేపల్లె బస్టాండ్ వద్ద పెళ్ళికొడుకు మేనమామగారికి ముట్టినవి. లిస్టు తీసుకోలేదు. పెట్రోలుకిస్తే పుచ్చుకోలేదు.

"గారు ఎందుకు రాశారు?" అన్నారావిడ.

"పెట్టినవాళ్ళు కదండీ," అన్నాడు బాబాయి.

ఆవిడ అప్పుడు కుర్చీ చూపించారు. నీళ్ళు తెప్పించారు. "ఈ ఏడాది ఇలాంటి ఖాతాలు చాలా చూశాను పెద్దాయనా. ఖాతా అద్దెకిచ్చినవాడెవడూ పంపినవాళ్ళ పేర్లు రాసిపెట్టడు. వీళ్ళు జనం దగ్గర కాజేసింది తమ ఖాతాల్లో వేసుకోరు. మీలాంటివాళ్ళ ఖాతాలోకి రప్పించి, మీ చేత్తోనే నోట్లుగా మార్పించుకుంటారు. ఆ తర్వాత ఆ నోటు ఎక్కడిదో దేవుడు కూడా చెప్పలేడు. మామూలుగా కమీషన్ ఆశ చూపిస్తారు. మీకు ఆశ పనిచెయ్యదని కనిపెట్టి, పరువు చూపించారు."

మనిషి ఎలా ఉంటాడని నన్నడిగారు. నోరు తెరిచాను. రెండు మాస్కులు, ప్లాస్టిక్ అద్దం. అంతే వచ్చింది. మూడు రోజులు మా ఇంట్లో తిరిగాడు, మా పులిహోర పొట్లం కట్టించుకెళ్ళాడు, అతని మొహం నేను ఎప్పుడూ చూడలేదు. పెనుమూడి సెల్ఫీ గుర్తొచ్చి చూపించాను. బాబాయి కవరిస్తున్న చెయ్యి ఉంది, తీసుకుంటున్న చెయ్యి ఉంది, ఆ రెండో మనిషి మొహం ఉండాల్సినచోట నా తలకాయ ఉంది.

బాబాయిని సాక్షిగా రాసుకున్నారు. పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంచుకుని మాకు జెరాక్స్ ఇచ్చారు. కొన్ని నెలల తర్వాత ఎవర్నో పట్టుకున్నామని పిలిచి నలుగురిని వరసగా చూపించారు, మాస్కుల్లేకుండా. నేను ఎవర్నీ గుర్తుపట్టలేకపోయాను. అందులో ఒకడు నన్ను చూసి చిన్నగా నవ్వాడు. అతనేనా? ఇప్పటికీ తెలియదు.

స్టేషన్ నుంచి వచ్చిన వారానికే బాబాయి బాపట్లలో ఆ ఫోను చేసినావిడ ఇంటికి వెళ్దామన్నాడు.

"ఎందుకు బాబాయ్? డబ్బు పోలీసులు చూసుకుంటారు. కోర్టు ద్వారా ఇస్తారన్నారుగా."

"చదివింపు పొరపాటున మనింటికొచ్చిందని తెలిస్తే ఏం చేశాం? తీసుకెళ్ళి ఇచ్చామా లేదా?"

"ఇది చదివింపు కాదు బాబాయ్!" అరిచేశాను.

"అందుకే," అన్నాడు.

ఇంట్లో మిగిలిన మినుములు అమ్మి ఆ ఒక్క ఇంటికి సరిపడా చేతబట్టాడు. చిరునామా పోలీసులివ్వలేదు. మెసేజిలో ఉన్న పేరు పట్టుకుని బాపట్లలో వియ్యంకుడుగారు వాకబు చేస్తే రెండు గంటల్లో తెలిసింది. వాళ్ళ వీధికి మూడు వీధుల అవతలే. దారి పొడుగునా స్కూటర్ మీద నేను మొదటిసారి ఫోను బయటికి తియ్యలేదు.

తలుపు తీసింది కొడుకు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వెనక హాల్లో ఒక పెద్దాయన ఫొటో, దానికి ఆ పొద్దున వేసిన పూలదండ. బాబాయి గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"మీ డబ్బు వచ్చింది నా ఖాతాకేనండి."

ఆ అబ్బాయి కొడతాడనుకున్నాను. కొడితే బావుండునని కూడా అనిపించింది. అతను పిడికిలి బిగించి, వదిలి, "లోపలికి రండి," అన్నాడు. బాబాయి తడబడుతూ అంతా చెప్పాడు, పెళ్ళి, లైవు, లిస్టు వద్దన్నవాడు. కవరు బల్ల మీద పెట్టాడు. అబ్బాయి దాన్ని వేలితో వెనక్కి తోశాడు. "కేసులో ఉందిగదండి మా డబ్బు. రెండుసార్లు తీసుకోకూడదు."

నేను మాత్రం నోరు విప్పలేదు. విప్పితే గొంతు తెలిసిపోతుందని. లోపలి నుంచి ఒకావిడ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నన్నే చూస్తున్నారు. ఇక ఆగలేకపోయాను.

"ఫోను ఎత్తింది నేనేనండి. నేనే అలా..."

రెండు మాటలు అయ్యాయో లేదో ఆవిడ తల ఊపారు. వీధిలో చేపలావిడ కేక వేసుకుంటూ పోయింది.

"పెళ్ళి బాగా జరిగిందా అమ్మా?" అన్నారావిడ.

అది ఎత్తిపొడుపా, నిజంగానే అడిగారా, నాకు తెలియలేదు. ఆవిడ గొంతులో ఏదీ లేదు. "బాగా జరిగిందండి," అన్నాను. వేరే ఏం చెప్పను?

"నేను ఫోను పెట్టేసరికే ఆయన కళ్ళు తేలేశారు. పెళ్ళిల్లంది, రాంగ్ నంబరేమోరా, మళ్ళీ సరిగ్గా చూసి చెయ్యరా అని వీడితో అంటున్నాను. అంతే." ఆవిడ చీర చెంగు సర్దుకున్నారు. "ఆయన పేరు రాశారంటగా?"

బాబాయి జెరాక్స్ కాగితం మడతలు విప్పి ఇచ్చాడు. 'వేరేవాళ్ళవి' అన్న గీత కింద మొదటి పేరు ఆయనదే, పక్కన గారు. ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చదువుకున్నారు. వేలు ఆ పేరు మీద పెట్టి కాసేపు అలాగే ఉంచారు.

"ఇది నాకు ఫొటో తీసి పంపుతావా అమ్మా? ఆయన ఫోనే వాడుతున్నాను ఇప్పుడు. ఆ నంబరు నీ దగ్గర ఉంటుందిగా."

ఫోను తీశాను. ఫొటో తీశాను. నంబరు కోసం వెతికాను. ఎక్కడుందో నాకు తెలుసు. బ్లాక్ చేసినవాటిలో అదే మొదటిది. ఆవిడ నా వేలినే చూస్తున్నారు, బాబాయి చూస్తున్నాడు, కొడుకు చూస్తున్నాడు. వాళ్ళ ముగ్గురి ముందూ దాన్ని అన్‌బ్లాక్ చేశాను. ఫొటో పంపాను. ఆవిడ ఒడిలో ఉన్న ఫోను టింగుమంది.